వంకాయ రంగు బండి

మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, ఎన్నూరు దారిలోని మా గోడౌన్ ఆఫీసులో నేను అన్నం తిని డబ్బా కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. మా వీధి చివర బళ్ళకు రంగులు వేసే పెయింటరు. "అక్కా, పెద్దమ్మ పిలిస్తే పలకలేదు. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉండాది. నువ్వు కొంచం వచ్చెయ్యక్కా" అన్నాడు. మిగతాది అతని గొంతే చెప్పింది. లారీల మధ్యనుంచి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. నేను రాయపురం చేరేసరికి వీధిలో వాళ్ళు ఆమెను లోపల పడుకోబెట్టారు. కుర్చీ మాత్రం మెట్ల కింద, మోటారు సైకిలుకు ఎదురుగా, అలాగే ఉంది. బండి పక్కన బిగించి ఉండే పనిముట్ల డబ్బా మూత తెరిచి ఉంది. అది చూశాకే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియాలంటే ఆ బండి రంగు సంగతి మొదటినుంచీ చెప్పాలి.

అత్త మా నాన్నకు అక్క. పిల్లలు లేరు. మామ హార్బరులో క్రేను నడిపేవాడు, పోయి చాలా ఏళ్ళయింది. ఆమె కింద, నేను పైన. నన్ను పిలవాలంటే గరిటెతో మెట్ల కమ్మీ మీద కొట్టేది. ఒక్క దెబ్బ కొడితే కాఫీ తయారైనట్టు, ఆగకుండా కొడితే ఆ రోజు నాకు మూడినట్టు. ఆమె పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించబోయిన వాళ్ళకు కాఫీ ఉండేది కాదు.

మామ బండి మెట్ల కింద టార్పాలిన్ కప్పుకొని పడి ఉండేది. అత్త దాన్ని అమ్మనిచ్చేది కాదు, తాకనిచ్చేదీ కాదు. అలాంటిది రెండేళ్ళ కిందట ఒక ఉదయం కాఫీ చేతికిస్తూ, "దాన్ని లేపాల మే" అంది.

"లేపితే ఎవరు నడుపుతారత్తా?"

"నువ్వే. మీ మామ నేర్పించింది దేనికి? ఆ నీలం బండి మీద నన్ను వెనక కూర్చోబెట్టుకోని ఒక్క ఆదివారం చర్చికి తీసుకోని పో. దాన్ని ఆ నీలంలో ఇంకొకసారి చూడాల నేను. నాకదొక్కటే ఉండాది ఇంక."

ఆ నీలానికో కథ ఉంది. మామ ఆ బండిని ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. అప్పుడది నల్లగా ఉండేదట. కొత్త పెళ్ళికూతురు దాన్ని చూసి, "శవాల బండి మాదిరి ఉండాది, నేనెక్కను" అనేసిందట. సరేనని మామ ఆమెను రంగుల కొట్టుకు తీసుకెళ్ళాడు. కొట్టువాడు చూపించిన అట్ట మీద ఏ రంగూ నచ్చలేదు. చివరికి ఆ కొట్టు తలుపునే చూపించి, "ఇది కావాల" అందట. మామ వారమంతా కూర్చుని సొంత చేతులతో బండికి ఆ తలుపు నీలం వేశాడు. ప్రతి ఆదివారం ఇద్దరూ దాని మీద తెలుగు చర్చికి వెళ్ళేవాళ్ళు. నేను నడపడం నేర్చుకునేనాటికే అది ఎండకు వెలిసి బూడిద రంగుకు దిగింది. ఆ కొట్టూ లేదిప్పుడు, ఆ తలుపూ లేదు.

ఇంజను పని మెకానిక్కు చూసుకున్నాడు. తుప్పు గీకడం, ఎమరీ కాగితం పెట్టి రుద్దడం ఇంట్లో నా వంతు. ఆదివారం వచ్చిందంటే నా గోళ్ళనిండా తుప్పే. నాకైతే నలుపు వేసి, ట్యాంకు మీద బంగారు గీత లాగించాలని మనసులో ఉండేది. ఒకసారి పైకే అన్నాను. గరిటె లేచింది.

టార్పాలిన్ కింద రంగనేది మిగల్లేదు. ఉప్పుగాలి అంతా తినేసింది. కానీ పనిముట్ల డబ్బా బిగుసుకుపోయి ఉంటే స్క్రూడ్రైవరుతో మూత లేపి చూశాను కదా, లోపలి వైపున నీలం! ఎండా గాలీ తగలక, వేసిన రోజున ఎలా ఉందో అలాగే, వాన వెలిసిన మర్నాటి ఆకాశంలా ఉంది. నిధి దొరికినట్టు మూత ఊడదీసి అత్త దగ్గరికి పరిగెత్తాను. ఆమె దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పింది.

"ఇది పచ్చ గదమే."

"నీలం అత్తా."

"పచ్చే. ఉప్పుగాలికి చెడిపోయినాది. ఈడ రాగి చెంబు పచ్చబడదా, పంపు పచ్చబడదా? ఇదీ అంతే."

నేను నమ్మాను. సముద్రం పక్కన రాయపురంలో ఉండేవాళ్ళెవరైనా నమ్ముతారు. మా కిటికీ కమ్మీలు, ఫ్యాను రెక్కలు, కొబ్బరి కోరు, ఉప్పుగాలి ముట్టని వస్తువు మా ఇంట్లో ఏదీ లేదు. నా కంటికి నీలంగా ఉన్నా, అసలు రంగు చూసింది ఆమె కదా అనుకున్నాను. "చెడిపోయినా పర్లేదు, మీ మామ చేత్తో వేసింది. దాని లోపల మాత్రం రంగు తగలనీవొద్దు" అని మూత నా చేతిలో పెట్టింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో తగాదా నడుస్తుండేది. చర్చికి కట్టే తెల్ల చీరలు పసుపుబారిపోతున్నాయని అత్త నీళ్ళను తిట్టేది, సబ్బును తిట్టేది, ఉతికింది నేను కాబట్టి నన్నూ తిట్టేది. చివరికి తనే బకెట్టు ముందు కూర్చుని నీలిమందు కుమ్మరించేది. ఆ చీరలు ఆరేసరికి లేత నీలంగా తేలేవి. "ఇప్పుడు జూడు, మల్లెపువ్వు" అని మురిసిపోయేది. చర్చిలో పాస్టరుగారి భార్య చీర అంచు పట్టుకుని "ఈ రంగు ఎక్కడ దొరికిందండీ" అని అడిగితే, ఆమెకు మతి లేదని ఇంటికొచ్చి నాతో చెప్పింది. కళ్ళలో శుక్లాలు ముదిరితే పసుపు అద్దంలోంచి చూసినట్టు ఉంటుందనీ, నీలాలు పచ్చగా, తెలుపు పసుపుగా అగుపిస్తాయనీ డాక్టరు తర్వాతెప్పుడో చెప్పాడు. అప్పటికి మాలో ఎవరికీ ఆ ఊహే లేదు.

పెయింటరు రంగు డబ్బాల మూతల మీద రకరకాల నీలాలు పూసి తెచ్చి మా బట్టల తీగకు వేలాడదీసేవాడు. అత్త వాటిని పొద్దుటి వెలుతురులో చూసేది, ఎండలో చూసేది, దీపాలు పెట్టే వేళ మళ్ళీ చూసేది. "ఇది పచ్చ. ఇది చిలకపచ్చ. ఇదేందిరా నాయనా, కాలవ నీళ్ళా?" అతను ఊదా కలిపేవాడు. "ఇంకొంచం" అనేది. ఇంకొంచం కలిపేవాడు. ఇలా తీగ నిండిపోయాక ఒకనాడు ఒక మూత దగ్గర ఆగిపోయింది. దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఇదే మే. ఇదే మీ మామ బండి" అంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

నేనూ పెయింటరూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అతను నన్ను పక్కకు పిలిచి, "అక్కా, ఇదు కత్తిరిక్కా కలర్ అక్కా" అన్నాడు అరవంలో, గుసగుసగా. నిజమే, నిగనిగలాడే వంకాయ రంగు. కానీ మామ పక్కన, ఆ బండి మీద, ఆదివారాలన్నీ తిరిగిన మనిషి ఆమె. మేమెవరం కాదనడానికి? "వేసెయ్" అన్నాను.

రంగు కొట్టేరోజు అత్త గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధికి కాపలా కూర్చుంది. దుమ్ము రేగుతుందని ఎవరినీ నడవనివ్వలేదు. చేపల బుట్టతో వచ్చిన ఆమెను కూడా చుట్టు తిరిగి పొమ్మంది. రంగు ఆరాక ట్యాంకును చేత్తో నిమిరి, "వచ్చినాడు" అంది. ఆ మాట బండితో అందో, నాతో అందో తెలియలేదు.

ఆ ఆదివారం నీలిమందు చీర కట్టుకుని వెనక ఒక పక్కకు తిరిగి కూర్చుంది. నా భుజం పట్టుకుని, "మీ మామ భుజం ఇంకా ఎత్తుగా ఉండేది" అని ఒక వంక కూడా పెట్టింది. వీధి మలుపులో పిల్లలు "కత్తిరిక్కా వండి!" అని, అంటే వంకాయ బండి అని, కేకలు పెట్టారు. అత్త నా చెవి దగ్గరికి వంగి, "వాళ్ళకు కండ్లు లేవు మే, నువ్వు పోనీ" అంది. చర్చిదాకా ఆమె కూనిరాగం నా వీపుకు తగులుతూనే ఉంది. ఆమెను అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఆరాధనలో పాటల పుస్తకం సరిగ్గా కనబడక అందరూ ఒక పాట పాడుతుంటే ఈవిడ ఇంకో పాట ఎత్తుకుంది, అదీ గట్టిగా. ఆ పరువు నష్టంతోనే కంటి ఆసుపత్రికి రావడానికి ఒప్పుకుంది. ముందు కుడి కంటికి ఆపరేషను చేశారు.

కట్టు విప్పి ఇంటికి రాగానే మొదట తీగ మీది చీరలు చూసింది. "ఇవేంది ఇంత నీలంగా ఉండాయి? ఇంత నీలిమందు ఎవరు పొయ్యమన్నారు నిన్ను?" అని నన్నే తిట్టింది. తర్వాత మెట్ల కిందకు వచ్చి నిలబడిపోయింది.

"ఎవురు మార్చినారు దీన్ని?"

"ఎవరూ మార్చలేదత్తా. నువ్వు చెప్పిన రంగే."

"ఇది వంకాయ గదమే!"

కుర్చీలో కూలబడి నవ్వింది. పొట్ట పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది. "అందరూ చెప్తా ఉంటే నేనే గదమే కండ్లు లేవు అన్నాను!" అంది. తర్వాత డబ్బా మూత తెరిచి లోపల చూసింది. నవ్వు ఆగిపోయింది. "అయ్యో, ఇది నీలమే గదా" అని దాన్ని వేలితో అంచుదాకా నిమిరింది. ఆ సాయంత్రం గరిటె మోగలేదు. కోరిందొక్కటి, అదీ ఇలా అయిందే అనిపించింది.

మర్నాడు పెయింటరు వచ్చి, "పెద్దమ్మా, గీకేసి అసలు నీలమే వేసిస్తాను, నాకేం కష్టం లేదు" అన్నాడు. అప్పటికే అత్త అరచేత్తో కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో బండిని చూస్తోంది.

"వద్దు నాయనా. ఈ కంటికి సరిగ్గానే ఉండాది" అంది.

"రెండో కన్ను కూడా చేశాక అదీ వంకాయే అవుతుందత్తా" అన్నాను నేను.

"అది చేయించుకోను."

ఇంక మా ఇంట్లో జరిగిన యుద్ధం వీధి వీధంతా విన్నది. డాక్టరు ఏమన్నాడో చెప్పాను, పడిపోతావని భయపెట్టాను, నీ మొండితనంతో నన్ను చంపుతున్నావని కూడా అన్నాను. ఆమె అంతా విని, నన్ను దగ్గరికి రమ్మంది.

"ఈ కంట్లో ఉండేది కొత్త అద్దం మే. మంచిదే, నేను కాదనలా. పాటల పుస్తకం చదువుతుంది, బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. అయితే అది మీ మామను చూడలా. ఈ పాత కన్ను చూసింది. దీన్ని నాకుండనీ."

కాఫీ కలుపుకొచ్చి ఇచ్చాను.

అప్పటినుంచీ మధ్యాహ్నాలు అన్నం తిన్నాక ఆ కుర్చీయే ఆమె చోటు. కుడి కన్ను మూసి ట్యాంకు చూసేది. తర్వాత ఎడమ కన్ను మూసి, డబ్బా మూత తెరిచి లోపలి వైపు చూసేది. రెండు కళ్ళకూ ఒకటే నీలం. "ఎవరితో ఈ దాగుడుమూతలు?" అని నేను ఏడిపిస్తే, "మీ మామతోనే, నీకేం నొప్పి?" అనేది. పోయిన రోజున మూత తెరిచి ఉందంటే, చివరిగా చూసింది కొత్త కంటితోనేమో. లేక మూయడం మరిచి మళ్ళీ ట్యాంకు వైపు తిరిగిందేమో. నాకు తెలియదు.

కాసిమేడు సమాధుల తోటలో మామ పక్కనే ఆమెను పెట్టాం. వ్యాను వెనకే నేను ఆ బండి మీద వెళ్ళాను. ఆ రోజు పిల్లలెవరూ కేకలు వెయ్యలేదు.

పోయిన వారం పెయింటరు మళ్ళీ అడిగాడు, మంచి మనసుతోనే. "అక్కా, ఇప్పుడైనా అసలు నీలం వేసేద్దామా? మూత ఉండాది గదా, అచ్చం అట్లనే కలుపుతాను." ఆలోచించి చెబుతానన్నాను. ఆదివారం పొద్దున బండిని బైటికి తీసి, హార్బరు గోడ పక్కన ఎండలో నిలబెట్టాను. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, అరచేత్తో కుడి కన్ను మూసి చూశాను. వంకాయ. ఎడమ కన్ను మూసి చూశాను. వంకాయే. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. నా కళ్ళు ఇంకా బాగున్నాయి, అదే వచ్చిన చిక్కు.

పెయింటరుకు వద్దని చెప్పాను. మా నాన్నకూ శుక్లాలు వచ్చాయి, అత్తకూ వచ్చాయి, నాకూ రాకుండా పోవు. వచ్చిననాడు నేను కూడా ఆ కుర్చీ వేసుకుని మెట్ల కింద కూర్చుంటాను. అప్పటిదాకా బండిని రోజూ తుడుస్తూ ఉంటాను. ఇదేం రంగని ఎవరైనా అడిగితే, నీలం అని చెబుతాను.