స్నానాల గదిలో జపాన్ చెట్టు

అది నిరుటి మే నెల ఆఖరి ఆదివారం, పగలు పన్నెండు గంటల పది నిమిషాలు. మా స్నానాల గదిలో అయిదుగురం ఇరుక్కుని నిలబడి, కుండీలోని ఒక పుల్లను, దానికున్న ఆకు కాడను చూస్తున్నాం. నవ్వించడానికి రాయడం లేదు, జరిగిందే రాస్తున్నాను. మొన్న కూలర్ దించి పాత గడ్డి పీకేస్తుంటే అందులోంచి ఒక ఎండిన ఆకు పడింది. అయిదు వేళ్ళ ఆకు, ఎర్రటిది. ఎప్పుడు ఎగిరి చిక్కుకుందో ఏమో. పారేద్దామనుకున్నాను, పారేశాను కూడా. ఆ తర్వాత కూర్చుని ఇది మొదలుపెట్టాను. నాకు అక్షరాలు అరవై దగ్గర పడ్డాక వచ్చాయి కాబట్టి తప్పులుంటే ఉంటాయి.

ఆ ఆకు జపాన్ మేపుల్ అనే చెట్టుది. మా కొడుకు స్నేహితులతో మనాలి పోయాడు. అందరూ శాలువాలు, యాపిల్ పండ్లు తెచ్చుకుంటే వీడు ఒక కుండీ తెచ్చాడు. రైల్లో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకునే వచ్చాడట. పటేల్‌గూడలో మా ఇంటికి ఒక పక్క ఫ్యాక్టరీ గోడ, ఇంకో పక్క బండ. ఎండాకాలం గేటు గొళ్ళెం పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. అలాంటి చోటికి మంచు కొండల చెట్టు! "గిది మన పుంటికూర ఆకు లెక్కనే ఉంది గదరా, దీనికోసం గంత దూరం పోయినవా?" అంది మా ఇంటామె. పుంటికూరంటే గోంగూర. అప్పటినుంచి ఇంట్లో దాని పేరు జపాన్ పుంటికూర. వాడు డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విడవక ముందే దాని మట్టిలో వేలు పెట్టి తడి చూసేవాడు. పెళ్ళాం ముందా చెట్టు ముందా అని కోడలు అడిగితే, "నీకు దూపైతే నువ్వు అడుగుతవ్, అది అడగది గదా" అనేవాడు.

ఒకరోజు సెకండ్ షిఫ్ట్ దిగి బండి మీద వస్తూ ముత్తంగి దగ్గర లారీ కింద పడి చనిపోయాడు. దాని గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. వాళ్ళకు పిల్లలు లేరు. కోడలు మా దగ్గరే ఉండి మందుల కంపెనీ ల్యాబ్‌కు పోయి వస్తుండేది. నాకు చదవడం నేర్పింది ఆమే. వాడు ఉన్నప్పుడు సాయంత్రాలు గేటు ముందు కూర్చోబెట్టి వచ్చేపోయే బస్సుల బోర్డులు చదివించేది. తప్పు చదివితే, "మామయ్యా, సంగారెడ్డి పోవాల్సిన మనిషివి ఇస్మాయిల్‌ఖాన్‌పేటల దిగినవ్. దిగినవ్ గదా, ఇగ అమ్మవారికి దండం పెట్టుకొని రా" అనేది. వాడు పోయాక ఆ పాఠాలు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు, అవే ఆగాయి. ఇంట్లో మాటలు కూడా అట్లాగే తగ్గాయి. అన్నం తిన్నావా, నల్లా వచ్చిందా, గేటు వేశావా. ముగ్గురం ఏడ్చుకుంటూ ఏమీ కూర్చోలేదు. మొద్దుబారి తిరిగేవాళ్ళం.

రెండేళ్ళయ్యాక నేనే అన్నాను, మళ్ళీ పెళ్ళి చేసుకొమ్మని. ఆమె జవాబు చెప్పడానికి చాలా కాలం పట్టింది. చివరకు వాళ్ళ అన్న చూసిన సంబంధం కుదిరింది. భార్య పోయిన మనిషి, బడి పంతులు. ఎండలు తగ్గాక గుడిలో పెళ్ళి, అంతకు ముందే పుట్టింటికి పోవాలి. ఆమె ఈ ఇంట్లోంచి నగలడగలేదు, చీరలడగలేదు. జపాన్ చెట్టు తీసుకుపోతానంది. వాళ్ళ అన్నకు నచ్చలేదు. "ఏం మాటనే అది? కొత్తింటికి పాత మొగుని చెట్టు పట్టుకపోతవా? వాళ్ళేమనుకుంటరు?" అన్నాడు నా ముందే. "ఆయనకు చెప్పిన అన్నా. బాల్కనీల నీడకు పచ్చ జాలీ కట్టిండట ఆల్రెడీ" అంది. ఆ పంతులును నేను అప్పటికి చూడలేదు. కానీ జాలీ మాట విన్నాక మంచి మనిషే అనుకున్నాను.

చిక్కల్లా చెట్టుతోనే వచ్చింది. ఆ ఎండలకు ఆకులన్నీ అంచులు మాడి కాగితాల్లా అయ్యాయి. కూలర్ ముందు పెట్టాం, లాభం లేదు. కొమ్మలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. అట్లాంటప్పుడు ఒక పొద్దున మా ఇంటామె వాకిట్లోంచి పెద్దగా అరిచింది. చెట్టు మొదట్లోంచి లేత చిగురు, జానెడు పొడుగు లేచి ఉంది. "సూడుండ్రి, వాడు మల్లొచ్చిండు!" అని ఆమె మొహం వెలిగిపోయింది. కోడలు కూడా పరుగెత్తుకొచ్చింది. నేను వంగి చూశాను. ఇంద్రేశంలో భూమి ఉన్నన్నాళ్ళు మామిళ్ళకు అంటు కట్టినవాణ్ణి. ఈ ఎర్ర చెట్టు కూడా అంటుదే. కింద వేరు ఏదో మామూలు పచ్చాకు మేపుల్‌ది, పైన ఎర్రదాని కొమ్మ. రెండూ కలిసిన చోట మోకాలి చిప్పలాగా ముడి ఉంటుంది. చిగురు ఆ ముడికి కింద వచ్చింది. ఆకు పచ్చగా ఉంది.

"వాడు రాలే. అది ఏరు చిగురు. మనోడు తెచ్చిన చెట్టు పైన సస్తుంది, ఇది వేరేది" అన్నాను. నా నోరు అంతే. మా ఇంటామె రెండు రోజులు నాకు అన్నం పెట్టింది కానీ మొహం చూడలేదు. కోడలు మాత్రం అక్కడే కూర్చుని ముడిని వేలితో తడిమి, "పైన ఇంకేమన్న పానం ఉందా మామయ్యా?" అని అడిగింది. గోటితో గీరి చూసుకుంటూ పోయాను. ఒక్క పుల్ల, వేలెడు, లోపల పచ్చగా ఉంది.

ఎండాకాలంలో అంటు కడితే మా నాయన చెప్పు తీసుకునేవాడు. తొలకరి పడ్డాక చేసే పని అది. కానీ వానల దాకా ఆ పుల్ల ఆగదు. కొత్త బ్లేడు తెచ్చి, పచ్చ చిగురు తల కొట్టేసి నిలువుగా చీల్చాను. ఎర్ర పుల్ల కొనను రెండు వైపులా చెక్కి అందులో దించాను. ఆకులు కత్తిరించి కాడ మాత్రం ఉంచాను. పాల ప్యాకెట్ కోసి పట్టీతో బిగించి కట్టాను. పైన ప్లాస్టిక్ సంచి తొడిగాను. కోడలు మొక్కను పట్టుకుంది.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలి? ఇంట్లో చల్లగా, తడిగా ఉండే చోటు ఒక్కటే, స్నానాల గది. కుండీ పోయి అందులో కూర్చుంది. సబ్బు నీళ్ళు చిందుతాయని మేం ముగ్గురం బయటికొచ్చాం. ఆడవాళ్ళకు పెరట్లో చీర అడ్డం కట్టాను. నేను తెల్లారకముందే నల్లా దగ్గర లుంగీతో కానిచ్చేవాణ్ణి. పై గదిలో కిరాయికుండే బీహారు వెల్డరుకు కూడా అదే స్నానాల గది. అతను బకెట్టుతో వచ్చి తలుపు తీసి చూసి, "చాచా, పేడ్‌కు, అదే చెట్టుకు, బాత్‌రూమ్, మనిషికి రోడ్డా? కిరాయి దాని దగ్గరే తీసుకో" అన్నాడు. చాలా కాలానికి మా ఇంటామె నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు కానీ ఆ చప్పుడు విన్నాను.

అంటు బతికిందో లేదో ముందుగా చెప్పేది కాడే. వేలితో ముట్టగానే రాలిపోతే లోపల పుల్ల బతికినట్టు. ఎండి గట్టిగా పట్టుకుని ఉంటే పుల్ల చచ్చినట్టు. కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి అనుకుంటారు. కోడలును తీసుకుపోవడానికి వాళ్ళ అన్న కారుతో వచ్చిన రోజు కూడా ఇంకా ముట్టి చూడలేదు. పెట్టెలు కారెక్కాయి. ఆఖరికి అందరం గదిలోకి పోయాం. "నువ్వే ముట్టు బిడ్డా" అన్నాను. "గట్టిగ ఉంటే?" అంది. "ఉంటే ఇడిసిపెట్టి పో. కొనుక్కుంటే ఇంకోటి దొరుకుతది."

వేలు పెట్టింది. కాడ రాలి తడి నేల మీద పడింది. అది ఉన్న చోట ఎర్రటి మొగ్గ, గసగసాల గింజంత.

వాళ్ళ అన్న కుండీని తనే ఎత్తి ముందు సీటులో పెట్టి, బెల్టు కూడా తగిలించాడు. మా ఇంటామె దాని మీద తడిగుడ్డ కప్పి, "ఇగ పోండ్రి, ఎండ ముదురుతది" అంది. కోడలు మా ఇద్దరి కాళ్ళకు మొక్కి ఎక్కింది. కారు మలుపు తిరిగాక లోపలికొచ్చి తలుపు వేసుకుని స్నానం చేశాను. నీళ్ళు వేడిగా ఉన్నాయి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. తుడుచుకుని బయటికొచ్చాను. ఇప్పుడు కోడలు కొత్తింటి నుంచి ఫోన్ చేస్తుంటుంది, మా ఇంటామె మాట్లాడుతుంది, నేను పక్కన కూర్చుని వింటాను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళం నేను, మా ఇంటామె, కోడలు, ఆమె అన్న, పై గది వెల్డరు. ఏడాది తిరిగింది, అయిదుగురమూ బతికే ఉన్నాం. ఒక ఏడాది ఎవరినీ ముట్టకుండా కూడా వెళ్ళిపోగలదు.