గోదాట్లో కలిపిన మైనం దిమ్మ

మా ఊళ్ళో మొదటి ఎస్టీడీ బూత్ పెట్టిన ఏడు మా అక్క రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అమ్మ పోయిందీ దానితోనే, కాకపోతే అమ్మకి పరీక్షలూ లేవు, ఆపరేషనూ లేదు. హైదరాబాదులో ఇంకో డాక్టరుకి చూపిద్దామని, అక్క గడ్డలోంచి తీసి, పాడవకుండా మైనంలో పెట్టి దాచిన ముక్కని ల్యాబులో సంతకం పెట్టి నేనే తెచ్చాను. చిన్న మైనం దిమ్మ, మధ్యలో గోరంత కండ. ఆ ప్రయాణం కాకుండానే అక్క వెళ్ళిపోయింది.

రాజమండ్రిలో అస్థికలు కలిపేరోజు ఆ దిమ్మ కూడా పట్టుకెళ్ళాను. కర్మ చేయిస్తున్న బ్రహ్మగారు "ఇదేంటమ్మా?" అన్నారు.

"మా అక్క ఒంట్లోదేనండి. సగం మనిషిని గోదాట్లో కలిపి, సగం బీరువాలో పెట్టుకోమంటారా?" అని కయ్యిమన్నాను. నా నోరు అలాంటిది. ఆయన మంత్రం అందుకున్నారు. ఎముకలు మునిగాయి, మైనం మునగలేదు. రేవు మెట్ల దగ్గరే తేలుతుంటే, అక్క వెళ్ళలేకపోతోంది కాబోలని ఏడుస్తూ, చేత్తో నీళ్ళు కొట్టి నేనే దాన్ని లోపలికి తోశాను. పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను.

అక్క కూతుర్ని నేనే పెంచాను. ఇరవై రెండో ఏట ఒకరోజు, జడ వేయించుకుంటూ అడిగింది. "పిన్నీ, నాకూ వస్తుందా?"

విశాఖపట్నం తీసుకెళ్ళాను. అక్కడొక డాక్టరమ్మ పాత మైనం దిమ్మల్లోని కండ తీసి, ఈ జబ్బు తల్లి నుంచి బిడ్డకి ఎలా దిగుతుందో పరిశోధన చేస్తున్నారు. "ఒట్టి ఈ అమ్మాయి రక్తం చూసి గట్టిగా చెప్పలేమండి. వాళ్ళమ్మగారి జన్యువులో తేడా ఎక్కడుందో ముందు దొరకాలి. దిమ్మ ఉందా? ఎన్నేళ్ళదైనా తీసుకురండి" అన్నారు.

ఇంకేమైనా మిగిలిందేమోనని, అప్పుడు దిమ్మ ఇచ్చిన ల్యాబుకి పరుగెత్తాను. అక్క కండ పొరలు అంటించి పరీక్ష చేసిన గాజు పలకలు ఎప్పుడో పారేశారట. గుమాస్తా పాత రిజిస్టరు తీసి చూపించాడు. దిమ్మ ఒక్కటే, ఇచ్చేశాం అని ఉంది. కింద నా సంతకం. ఆ చెయ్యి నరుక్కోవాలనిపించింది.

ఇంటికొచ్చి పిల్లకి అంతా చెప్పాను. తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది.

"అమ్మనే కదా కలిపావు, పోన్లే పిన్నీ" అంది.

ఇప్పుడు అది స్నానానికి వెళ్తే అరగంట దాకా గడియ తియ్యదు. మధ్యలో నీళ్ళ చప్పుడు ఆగిపోతుంది. లోపల చేత్తో ఏం తడుముకుంటోందో నాకు తెలుసు. "ఇంకా అవలేదేంటే?" అని కేకెయ్యడానికి కూడా నాకు నోరు రావడం లేదు.