ఉప్పునీళ్ల వరస

మా బాబాయి మొక్కల పరిశోధనశాలలో ఇరవై రెండేళ్లుగా నీళ్లు పోస్తున్నాడు. ఇంట్లో పిన్నిని ఒక్కసారైనా "తిన్నావా" అని అడగని మనిషి, అక్కడ తొట్టెలన్నింటినీ పేరుపేరునా పలకరించేవాడు. తన చేతి కింద ఒక్క మొక్కా చావలేదని ఆయనకు తగని గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది.

పరిశోధన చేసే మేడమ్ టమాటా నారు రెండు వరసలు పెట్టించింది. రెండింటికీ ఉప్పునీళ్లే. రెండో వరసకు మాత్రం అందులో మెలటోనిన్ కలపాలి. మనకు నిద్ర పట్టించే ఆ పదార్థం మొక్కల్లోనూ ఉంటుందట. పైనుంచి ఇంకాస్త అందిస్తే ఉప్పు దెబ్బకు తట్టుకుంటాయా అన్నది ఆవిడ పరీక్ష. వెలుతురు తగిలితే మందు పాడవుతుందని సీసాకు రేకు చుట్టి ఉంచేది.

వారం తిరక్కుండానే మందు లేని వరస వాడిపోయింది. ఆకుల అంచులు మాడాయి. బాబాయి ప్రాణం ఉసూరుమంది. రోజూ అందరికంటే ముందే వెళ్లి ఆ వరసకు మంచినీళ్లు పోసి, ఉప్పు కడిగేసి, అడుగున కారిన తడిని గుడ్డతో తుడిచేసేవాడు. తుడిచాడంటే తప్పని తెలుసన్నమాటే. బాబాయి అయినా సరే, ఇక్కడ నేను వెనకేసుకురాను.

నెలన్నరకు రెండు వరసలూ పచ్చగా నిలబడ్డాయి. మేడమ్ కొలిచింది, తూచింది, కుర్చీలో కూలబడింది.

"మందు పనిచేయలేదు పెద్దాయనా. మూడేళ్ల కష్టం. ఇక ఆపేస్తాను," అంది. "మీరు మాత్రం ఒక్క పూట తప్పలేదు. నివేదికలో మీకు కృతజ్ఞతలు రాశాను, చూడండి."

ఆ కాగితం చూడగానే బాబాయికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. పిన్ని గుచ్చి గుచ్చి అడిగితే కక్కాడు.

"రేపు మీరు చెప్తారా, నన్ను రమ్మంటారా?" అంది పిన్ని.

మర్నాడు నేలచూపులు చూస్తూ చెప్పేశాడు. "జాలేసిందమ్మా. చస్తుంటే చూడలేకపోయా."

మేడమ్ ఆ నివేదిక మడిచి సొరుగులో పెట్టేసింది. తిట్టినా బాగుండేదని బాబాయి ఇప్పటికీ అంటాడు.

"మళ్లీ మొదలుపెడదాం," అంది చివరికి. "నీళ్లు మీరే పోయాలి."

ఈసారి ఒక వరస ఎండిపోయింది. మందు తాగిన వరస కాస్త కుంగినా పచ్చగానే నిలిచింది. మేడమ్ పొంగిపోతూ ఆయన్ను పిలిచింది. బాబాయి ఎండిన వరస దగ్గరే ఆగిపోయాడు. ఆయన చేతిలో చెంబుంది.

ఆవిడ ఏమీ అడగలేదు. అయినా ఆయనే చెంబు బోర్లించి చూపించాడు, లోపల తడైనా లేదని.