ఆడి గాలికి ఎదురు సైకిల్

ఆడి నెలలో, అంటే అరవల ఆషాఢంలో, కొత్త కోడలు అత్తింట్లో ఉండకూడదు. నా తొలి ఆడికి మా అమ్మ బండి కట్టించుకొని వచ్చి నన్ను పిలుచుకుపోయింది. బండి దేనికో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. అత్తిల్లు పుట్టింటికి రెండు వీధుల అవతలే. మేనత్త కొడుకునే చేసుకున్నాను, పుట్టినప్పటి నుంచి చూస్తున్న బావ. అరవదేశంలో ఉన్న మా తెలుగువాళ్ల ఊళ్లోకి నూలు మిల్లు వచ్చిన కొత్త రోజులవి.

నేను వచ్చిన మరునాటి సాయంత్రమే బావ సైకిల్ గంట మా వీధిలో మోగింది. ఆ తరువాత రోజూ మోగింది. వీధిలో ఆడవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

"కొత్త మాప్పిళ్ళ, పెండ్లాన్ని ఇడిసి ఒక నెల ఉండలేకుండా ఉండాడే" అని కొత్త అల్లుడి మీద బావి దగ్గర ఒకటే నవ్వు.

మా అమ్మ నన్ను లోపలికి పిలిచి తిట్టింది. "నువ్వేమన్నా సైగ చేసినావామే? అల్లుడు ఆడిలో దినామూ వస్తే ఊరు నవ్వదా? మీ అత్త ఏమనుకుంటాది?"

సైగా లేదు, పాడూ లేదు. బావ వచ్చేది నా కోసం కాదు, మా అన్న కోసం.

వాళ్లిద్దరూ పలక పట్టినప్పటి నుంచి ఒకే జట్టు. ఆ ఆడిలో ఇద్దరికీ ఒకే పిచ్చి పట్టింది. సైకిళ్ల మీద పడమటి కొండల కింది కంబం దిక్కు పోవాలి, అక్కడి ఏటి గట్టు పట్టుకొని ద్రాక్ష తోటల మధ్య తొక్కాలి. ఆడిలో పెళ్లిళ్లుండవు, సీమంతాలుండవు, ఏ చుట్టమూ వచ్చి పనికి పిలవడు, కాబట్టి ఇదే తగిన నెల అని తేల్చుకున్నారు. మా తిన్నె మీద రోజూ అదే మాట. శ్రీవిల్లిపుత్తూరు దాటాక ఎక్కడ ఆగాలి, ఉసిలంపట్టిలో ఎవరింట్లో పడుకోవాలి, ఆండిపట్టి కనమ ఎక్కేటప్పుడు తొక్కాలా, దిగి తోసుకోవాలా. బావ సుద్దముక్కతో తిన్నె మీద ఏరు గీసేవాడు. పొద్దున్నే దాన్ని కడిగేది నేను.

కాఫీ కలిపేదీ నేనే, తీసుకుపోయి ఇచ్చేది అన్న. నేను కిటికీ ఇవతల నిలబడి వినేదాన్ని. ద్రాక్ష తీగలు పందిళ్ల మీద పాకుతాయంట, కింద వంగి నడవాలంట, గుత్తులు తలకు తగులుతాయంట. పెళ్లయిన ఇన్ని నెలల్లో బావ నాతో మాట్లాడింది ఉప్పు చాల్లేదని, తుండు ఎక్కడుందని. అన్నతో కూర్చుంటే మాత్రం ఆ నోటికి అలుపుండదు. నా కడుపు మండిపోయేది. సవతి ఉంటే నలుగురికి చెప్పుకొని ఏడవచ్చు. తోడబుట్టినవాడే సవతి అయితే ఎవరికి చెప్పుకోవాలి?

ఒకరోజు ఓర్చుకోలేక గడప దగ్గరికి వచ్చి అన్నాను.

"గాలి వచ్చేదే కంబం దిక్కు నుంచి గదా. ఆడిలో ఎదురుగాలికి తొక్కుతారా? నూరుకునే అమ్మిరాయి కూడా ఎగిరే నెల ఇది."

బావ తలెత్తి చూశాడు. అన్న మాత్రం, "లోపలికి పో మే. గాలి నీకొకతెకే తెలిసినట్ల" అన్నాడు. బావ నవ్వి మళ్లీ సుద్దముక్క తీసుకున్నాడు.

వాళ్లు బయల్దేరిన పొద్దున అమ్మ దిష్టి తీసింది. నేను గాలి బాగా కొట్టాలని మొక్కుకున్నాను.

నా మొక్కు ఫలించింది. మూడు రోజులు తిరక్కుండానే అన్న ఒక్కడే బస్సు దిగాడు, సైకిల్ బస్సు నెత్తిన ఉంది. కనమ దాటగానే గాలి అడ్డం కొట్టిందంట, ఎంత తొక్కినా బండి కదల్లేదంట. తిరిగిపోదామని అన్న, పోనంటే పోనని బావ. రోడ్డు మీదే మాటామాటా అనుకొని విడిపోయారు. నా సంతోషం అమ్మ కంట పడకుండా దొడ్లోకి పోయి నిలబడ్డాను. రేపో మాపో బావ కూడా వచ్చేస్తాడు, నీ మాట వినాల్సింది అంటాడు అనుకున్నాను.

బావ రాలేదు. అన్న లేకపోయినా ఆయనకు బాగానే ఉందన్నమాట. ఇక ఆ ఏటిని తలుచుకొని కూడా కుళ్లుకున్నాను.

ఒక మధ్యాహ్నం గంట మోగింది. బావ మొహం ఎండకు కమిలిపోయింది, చేతిలో తుండుగుడ్డ మూట. అమ్మ పక్కింటికి పోయింది. అన్న అలిగి గదిలోంచి కదల్లేదు. బావకు నోటి నిండా మాటలే, వినే మనిషి లేడు. కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మీ అన్న రానంటాడు. నువ్వన్నా విను."

విన్నాను. "నువ్వు చెప్పిందే సరి, రోడ్డంతా తోసుకొనే పోయినాను. తోటలోకి దూరితే అక్కడ గాలే లేదు. పందిరి పైన గాలి అరస్తా ఉండాది, కింద ఆకు కదల్లేదు. పక్కనే ఏరు నిండా పోతా ఉండాది. వచ్చేటప్పుడు ఆ గాలే తోసుకొచ్చింది, కాళ్లు ఊరికే పెట్టుకొని కూర్చుంటిని."

నేను కిటికీ చువ్వలకు దగ్గరగా జరిగాను. బావ నాతో అంత మాట్లాడడం అదే మొదలు.

"ఏటి పక్కన రాయి మీద కూర్చోని నీ గురించి ఒకటి అనుకుంటిని. ఏమంటే..."

లోపల తలుపు చప్పుడైంది. అన్న తిన్నె మీదికి వచ్చి, "పండ్లు తెచ్చినావా?" అన్నాడు. బావ మొహం విచ్చుకుంది. కిటికీ వదిలి పోయి అన్న భుజం మీద చెయ్యి వేశాడు. దీపాలు పెట్టేదాకా ఇద్దరూ అక్కడే కూర్చొని నవ్వుకున్నారు. నా వంతు ద్రాక్ష అమ్మ తెచ్చి ఇచ్చింది.

ఆ మాట ఏమిటని నేనుగా అడగలేదు. చెప్పాల్సింది ఆయన. మరిచిపోయాడో, చెప్పేశాననే అనుకున్నాడో. పిల్లలు పుట్టారు, వాళ్ల పెళ్లిళ్లయ్యాయి, ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

బావ పోయి, కర్మలు ముగిసి చుట్టాలంతా వెళ్లాక మా అన్న నా పక్కన కూర్చున్నాడు. అన్నాళ్లు బిగపట్టుకున్నది నోరు జారింది. అడిగేశాను.

అన్న ఆలోచించను కూడా లేదు. "అదా. ఆ సాయంత్రమే నాకు చెప్పినాడు గదా. రాయి మీద కూర్చోని నిన్ను..."

"చెప్పొద్దు" అన్నాను.

"మంచి మాటే మే."

"మంచి మాటైతే అసలే వద్దు. నీ నోట వినేదానికా ఇన్నేండ్లు కాచుకున్నది?"