వెనక్కి లాగే చేయి

మా మేనత్త పోయిందని ఆదోని నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో గడ్డం గీయించుకుంటున్నాను. సగం గడ్డంతోనే బస్సెక్కాను. ఆమె ఉండి ఉంటే "ఆ మొగమేసుకొని వస్తే పీనుగ గూడ లేసి నవ్వుతాదిరా" అనేది. ఏడుపు ఆ బస్సులోనే వచ్చింది. కోపం మాత్రం దినాల రోజు వచ్చింది. అది ఇంకా దిగలేదు.

దినాల రోజు పందిట్లో ఆమె మరిది, నాకు వరసకు చిన్నమామ, లేచి నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడాడు. "మా వదిన ఇంటి గడప దాటి ఎరగదు. నోట్లో నాలుక లేని మనిషి" అన్నాడు. మా అత్తకా, నోట్లో నాలుక లేనిది? ఆమె నాలుకకు జడిసి మిల్లు కూలీలు వాకిట్లోనే బీడీ ఆర్పేసి అంగట్లోకి వచ్చేవాళ్లు! పందిట్లో అందరూ అవునవునని తలలూపారు. అందులో సగం మంది ఆమె చేతిలో ఓడిపోయినవాళ్లే.

ఎందులో ఓడారో చెప్తాను. ఎనభైల చివర్లో మామ బెంగళూరు నుంచి పాత వీడియో గేమ్ మిషన్ ఒకటి తెచ్చి ఇంటి ముందరి గదిలో పెట్టి అంగడి తెరిచాడు. బిళ్ల వేస్తే తెర మీద ఇద్దరు తన్నుకుంటారు. మామకు తొందరగానే మోజు తీరి అంగడి అత్త చేతికి వచ్చింది. పదో తరగతి తప్పి ఊరి మీద పడి తిరుగుతున్న నన్ను మా నాయన ఆమె దగ్గరికి తోలాడు.

తెర మీద మన తరఫున తన్నేవాణ్ణి మనమే ఎంచుకోవాలి. అందరూ కండలవాణ్ణి తీసుకునేవాళ్లు. కర్ర పట్టుకున్న ముసలోడు ఒకడుండేవాడు. ఎగరలేడు, కాలు మోకాలు దాటి లేవదు. మిషన్ మీది ఎర్ర గుండు లివర్ వెనక్కి లాగితే ఎదుటివాడికి వీపు చూపి నిలబడతాడు. వాణ్ణి తీసుకున్నవాడల్లా తన్నులు తిని, "వీడు పుట్టినప్పుడే సచ్చినాడు" అని తిట్టిపోయేవాడు.

అత్త ఆ ముసలోణ్ణే పట్టుకుంది. గిరాకీ లేని మధ్యాహ్నాలు వాడితోనే గడిపి, వాడి కిటుకు ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. వీపు చూపి ఊరికే నిలబడాలి. పారిపోతున్నాడనుకొని ఎదుటివాడు మీదికి దూకుతాడు. వాడు కిందికి దిగుతుండగా బటన్ నొక్కితే ముసలోడి కర్ర వెనక్కి లేచి వాడి దవడ పగలగొడుతుంది. ఒక్క రెప్పపాటు ముందు నొక్కినా, వెనక నొక్కినా, పడేది ముసలోడే. గెలిచి కొంగు దోపుకొని, "ఇంగెవరన్నా ఉండారాప్పా? లేకుంటే పోయి వంకాయలు తరుక్కుంటా" అనేది. అణకువా? ఆ మాట ఆమె దగ్గర ఎత్తకండి.

మరిదికి ఇది గిట్టలేదు. కండలవాడితో ఆదోనిలో తనను మించినవాడు లేడని అతనికి పేరు. ఒకరోజు అంగడి నిండా జనం ఉండగా వచ్చాడు.

"వదినా, ఆడమనిషి మగోళ్లతో ఆడతాంటే మేం బజార్లో తలెట్ల ఎత్తుకోవల్ల? అన్నతో సెప్పి దీన్ని మూపిస్తా."

"నాతో ఆడి గెలువు. నేనే మూస్తా."

"ఆడోళ్లతో నేనాడను."

"ఓడిపోతే మొగం యాడ పెట్టుకోవల్లనా?"

జనం గొల్లుమన్నారు. చివరికి అతనే షరతు పెట్టాడు: ఆమె తరఫున మగవాడెవడైనా ఆడాలి, అదీ ఆ ముసలోడితోనే. ఓడితే అంగడికి తాళం, ఆమె వంటింట్లోకి. అత్త వేలు నా వైపు తిరిగింది. నేనా, ఊరికే నిలబడడం చేతకాని కోతిని. ముసలోడికి కావలసిందేమో ఊరికే నిలబడడమే.

మాది మగ్గాల ఇల్లు. పెళ్లయ్యేదాకా అత్త ఎమ్మిగనూరులో నేసింది. ఆ భాషలోనే నాకు పాఠం చెప్పింది.

"కాలుతో తొక్కితే దారాలు పైకీ కిందికీ ఇడిపోతాయి. ఆ సందు తెరుసుకోకముందే దారం సుట్టిన నాడె ఇసిరితే?"

"దారం తెగుతాది."

"మీ నాయనేం జేస్తాడు?"

"నా ఈపు పగలగొడతాడు."

"ఈడా అంతే. సందు నువ్వు తెరిసేది గాదు. వాడే తెరుస్తాడు."

చెప్తే వినే రకం కాదని తెలిసి, నా కుడి మణికట్టుకు నూలు పోగు ఒకటి కట్టి రెండో కొస తను పట్టుకునేది. ఎడమచేత్తో లివర్ లాగిపట్టాలి. ఆమె పోగు వదులు చేసేదాకా కుడిచేయి బటన్ మీదికి పోకూడదు. తొందరపడితే పోగు పుటుక్కున తెగేది. "తెగింది. ముడెయ్" అనేది. నేనే ముడి వెయ్యాలి, ఒంటిచేత్తో, పళ్లతో పట్టుకొని. పోగు తెగని రోజు వచ్చేసరికి నా పెదాలు నూలుకు కోసుకుపోయాయి.

పందెం రోజు ముసలోడు వీపు తిప్పగానే మరిది ఎగతాళికి దిగాడు. "సూడండ్రా, అత్త మాదిరే ఈడూ వంటింట్లోకి పోతాండాడు!" అన్నాడు. నా చెవులు మండాయి. చేయి కదలబోయింది. మణికట్టు మీద లేని పోగు బిగిసినట్టయింది, ఆగాను. కండలవాడు దూకాడు. కర్ర లేచింది. మళ్లీ దూకాడు, మళ్లీ లేచింది.

మరిది కరెంటును తిట్టి, మిషన్‌ను ఒక తన్ను తన్ని వెళ్లిపోయాడు. జనం నన్ను భుజాల మీదికి ఎత్తారు. "మగోడు నిలబడ్డాడు గాబట్టి అంగడి నిలబడింది" అన్నాడొకడు. "నేర్పింది మా అత్త!" అని పైనుంచి మొత్తుకున్నాను. నావన్నీ తమాషాలే కదా, ఇదీ ఒకటనుకొని నవ్వారు. జీవితంలో ఒక్కసారి నిజం చెప్తే ఇదీ మర్యాద! అత్త మాత్రం, "అనుకోనీరా. అంగడి తెరిసే ఉండాది గదా" అంది. ఆమె ఊరుకుంది. నేనెందుకు ఊరుకోవాలి?

దినాల రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవి ఫోటో ముందు ఆకులో పెడతారు. ఓళిగలు పెట్టారు. తీపి తింటే ఆమెకు పళ్లు జిల్లుమనేవి. అదీ తెలియదు వీళ్లకు. మిషన్ పాడై పాత ఇనుముకు పోయిన రోజు నేను ఊడదీసి దాచుకున్న లివర్ తలకాయను, ఆ ఎర్ర గుండును, జేబులోంచి తీసి ఓళిగల పక్కన పెట్టాను.

"ఏందిరా ఇది? ఈడ గూడ నీ కోతిచేష్టలేనా?" అన్నాడు చిన్నమామ.

"మా అత్తకు ఇష్టమైంది పెట్టినా. నీకు తెలీదా, చిన్నమామా?"

తీసి పారేయడానికి వంగాడు. చేయి గుండు దాకా వచ్చి ఆగిపోయింది. గుండు చుట్టూ ఎరుపు నిగనిగలాడుతూనే ఉంది. వెనక్కి లాగే అత్త వేళ్లు ఆనేచోట మాత్రం రంగంతా అరిగి తెల్లబడింది. ఆ తెలుపు అతని వైపే తిరిగి ఉంది.