నీలం ముందుగా పోయింది

మొన్న వాన వెలిసిన సాయంత్రం మా చెల్లెలి మనవరాలు డాబా మీద నిలబడి, కాలువ అవతలి వరి పొలాలను ఫోన్లో ఫోటో తీసి, నా మంచం మీద కూర్చుని దాన్ని వేలితో అటూ ఇటూ జరుపుతూ ఉంటే, నేను చూస్తుండగానే ఆ పొలాలకు ఏ నారుమడికీ లేనంత పచ్చదనం వచ్చింది, ఆకాశం గోరింటాకు పండినట్టు ఎర్రబడింది. “గిట్ల మంచిగుంది గదా అవ్వా?” అని అడిగింది. మంచిగుందనే అన్నాను. పిల్ల సంతోషంగా దాన్ని ఎవరెవరికో పంపుకుని కిందికి పోయింది. నేను మాత్రం అక్కడే కూర్చున్నాను. రంగు కోసం అంత తేలిగ్గా వేలు కదిపే ఈ కాలంలో, ఒక రంగు కుదరక పూటంతా అన్నం ముట్టని మనిషితో కాపురం చేశానని చెప్తే ఆ పిల్లకు నవ్వు వస్తుంది. నా ఈడు వాళ్లకైతే నవ్వు రాదనే నమ్మకంతో ఇదంతా చెప్పుకుంటున్నాను.

మా ఆయన బోర్డులు రాసే పెయింటర్. పిట్లం దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన కొత్తలో బాన్సువాడ వచ్చి, బస్టాండు వెనక కిరాయి ఇంట్లో దిగాం. ఇల్లంతా ఎనామెల్ డబ్బాలూ, టర్పెంటు వాసనా, కొబ్బరి చిప్పల్లో కలిపి ఆరబెట్టిన రంగులూ. మీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో దుకాణం తెరవాలంటే ముందు పెయింటర్ కోసమే తిరిగేవారు. అక్షరానికి నీడ పెట్టి, అంచుకు తెల్ల గీత లాగి, మూల మీద చిన్నగా సంతకం చేస్తే గాని ఆ దుకాణానికి కళ వచ్చేది కాదు. ఆయన ఎరువుల దుకాణం గోడ మీద వరికంకి వేశాడంటే, దారిన పోయే రైతులు సైకిల్ దిగి, ఈ కంకి ఇంకా పాలు పోసుకుంటున్నదని ఒకరూ, కాదు కోతకు దగ్గరపడిందని ఒకరూ వాదించుకునేవాళ్లు. ఆ తేడా అంతా ఆయన పసుపులో కలిపే నీలంలో ఉండేది. కుంచె కొసకు అంటిన కాస్త నీలం ఎక్కువైతే పైరు నెల వెనక్కి పోతుందని నవ్వుతూ చెప్పేవాడు. ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే రెండూ పంతం పట్టినట్టు మెరుస్తాయనీ, అదే ఎరుపును బూడిద రంగు పక్కన పెడితే శాంతిస్తుందనీ, ఏ రంగుకైనా పక్కనున్న రంగే గుణం ఇస్తుందనీ నేను బియ్యం ఏరుకుంటూ ఆయన దగ్గర విన్నాను. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మాటలన్నీ రంగుల గురించే.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. మొదట ఊరేగింపులకూ పుట్టినరోజులకూ అన్నారు, మెల్లగా దుకాణాల నెత్తికెక్కాయి. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఇంట్లో కూర్చుని ఎండిన కుంచెలను వేళ్లతో విరుచుకుంటున్న మనిషిని చూడలేక, పదో తరగతి దాకా చదివినదాన్ని కదా అని నేనే కంప్యూటర్ నేర్పే చోట చేరాను. అక్కడ నేర్పే సారు మా తమ్ముడి ఈడు పిల్లవాడు, నన్ను అక్కా అనే పిలిచేవాడు. ఒకరోజు ఆ సారు తెర మీద ఎరుపు వెలుగూ ఆకుపచ్చ వెలుగూ కలిపి చూపిస్తే అక్కడ నిమ్మపండులాంటి పసుపు తేలింది. నేను పరుగున ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్తే మా ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

“ఏంది? ఎర్రది, ఆకుపచ్చది కలిపితే పసుపా? బురద అయితది. నాకు తెల్వదా?”

మర్నాడు ఆయనను వెంటబెట్టుకుని పోయాను. సారు ఒక భూతద్దం చేతికిచ్చి, తెర మీది పసుపును దగ్గరగా చూడమన్నాడు. ఆయన వంగి చూశాడు. ఆ పసుపులో పసుపన్నదే లేదు; ఎర్ర చుక్కలూ ఆకుపచ్చ చుక్కలూ పక్కపక్కన వెలుగుతున్నాయి, నీలం చుక్కలు మాత్రం ఆరిపోయి ఉన్నాయి. తెల్లగా ఉన్న చోట మూడూ వెలుగుతున్నాయి, నల్లగా ఉన్న చోట ఏవీ లేవు. గోడ మీద రంగు పూసిన కొద్దీ వెలుగు తగ్గుతుందనీ, ఇక్కడ కలిపిన కొద్దీ పెరుగుతుందనీ సారు చెప్తుంటే, మా ఆయన భూతద్దం దించకుండా వింటూ ఉండిపోయాడు. చివరికి నా వైపు తిరిగినప్పుడు ఆయన ముఖం మా పెళ్లినాటి ముఖంలా ఉంది. “సూడే, గిది రంగు గాదు, దీపం” అన్నాడు.

ఆ తర్వాత వచ్చినవి మా మంచి రోజులు. ఒక చిన్న గది తీసుకుని డిజైన్ల షాపు పెట్టాం. మౌస్ నా చేతిలో ఉండేది, చూపు ఆయనది. నా వెనక నిలబడి, ఇంకింత పసుపు అనీ, అంచు మెత్తగా చెయ్యి అనీ చెప్తూ ఉండేవాడు. తెర మీద మిలమిలలాడిన ఆకుపచ్చ ఫ్లెక్సీ మీద అచ్చయి వచ్చేసరికి ఉడికిన బచ్చలికూరలా వాడిపోతే మొదట్లో కోపంతో ఊగిపోయేవాడు. దీపాన్ని సిరాతో అచ్చు వెయ్యలేమని మెల్లగా ఆయనే సమాధానపడి, అచ్చులో ఎలా వస్తుందో ముందే ఊహించి తెర మీద రంగు దిద్దించేవాడు. ఒక్క జేపీజీ అనే ఫోటో ఫైళ్లతో మాత్రం ఆయనకు చివరిదాకా పొసగలేదు. ఫైలు చిన్నదవడానికి కంటికి తెలియని వివరాలను పారేస్తుందని, మళ్లీ మళ్లీ భద్రం చేసినప్పుడల్లా మరికొంత పోతుందని సారు ఒకసారి చెప్పాడు. “కంటికి తెల్వదని ఎవరు జెప్పిండు? నా కంటికి తెలుస్తది” అన్నాడు మా ఆయన. నిజంగానే తెలిసేది.

అలాంటి మనిషి ఒక వానాకాలం మా మానిటర్ చెడిపోయిందనడం మొదలుపెట్టాడు. నీలాలన్నీ వెలిసిపోయాయనీ, ఆకాశం వేస్తే ఆకుపచ్చగా కనబడుతోందనీ గొడవ. నేను చూస్తే బాగానే ఉంది. ఆయన మాట కాదనలేక మానిటర్ సరిచేసే అతణ్ని పిలిపించాను, అతను అన్నీ చూసి ఏమీ కాలేదన్నాడు. అయినా మా ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు ఆయనే భూతద్దం తీసి తెరకు ఆనించి చాలాసేపు చూశాడు, తర్వాత దాన్ని నాకిచ్చి, నీలం చుక్కలు వెలుగుతున్నాయా అని అడిగాడు. నేను చూశాను. వెలుగుతున్నాయి. తల ఊపాను. ఆయన భూతద్దాన్ని అంగీ కొసతో తుడిచి బల్ల మీద పెట్టాడు. ఇద్దరికీ ఒకే క్షణంలో అర్థమైంది, చెడింది మానిటర్ కాదని.

నిజామాబాద్ దవాఖానలో సుగరు కంటి వెనక పొరను తినేస్తోందన్నారు, ఇలాంటివాళ్లలో కొందరికి నీలం ముందుగా మసకబారుతుందన్నారు. లేజరుతో కంట్లో వెలుగు సూదులు కొట్టారు, మందులిచ్చారు, పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలన్నారు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆయన కిటికీ వైపే ముఖం పెట్టుకుని, ఎదురొచ్చిన ప్రతి పొలాన్నీ రెప్ప వెయ్యకుండా చూశాడు.

ఆ తర్వాత ఆయనకు ఒక్కటే ధ్యాస పట్టుకుంది. తను రాసిన బోర్డులూ గోడలూ ఇంకా ఎక్కడెక్కడ మిగిలి ఉన్నాయో అవన్నీ కళ్లున్నప్పుడే ఫోటోలు తీసి పెట్టుకోవాలని. తెలిసిన స్టూడియో నుంచి పాత కెమెరా ఒకటి సంపాదించాడు. అది ఫోటోను నలగ్గొట్టకుండా తీసింది తీసినట్టు దాచేది. రా ఫైళ్లంటారు, ఆయన వాటిని పచ్చి ఫోటోలు అనేవాడు. సెలవు రోజుల్లో సద్దిమూట కట్టుకుని ఇద్దరం బస్సెక్కేవాళ్లం. పిట్లంలో మందుల దుకాణం షట్టరు, పెద్ద కొడప్‌గల్‌లో వరికంకి వేసిన ఎరువుల గోదాము గోడ, మహారాష్ట్ర పొలిమేరలోని జుక్కల్‌లో బట్టల దుకాణం మీది మరాఠీ బోర్డు. ఆ మరాఠీ ఆయనకు చదవరాదు, ఎవరో కాగితం మీద రాసిస్తే బొమ్మ గీసినట్టు గీశాడు. అక్కడ అరుగు మీద కూర్చున్న ముసలాయన దాన్ని పైకి చదివి వినిపించి, “ఇన్నేండ్లాయె, ఒక్క గీత గూడ వంకర వోలేదు” అంటే, మా ఆయన ఆ గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

ఆ ఫోటోలు కంప్యూటర్లోనూ ఉంచాం, సీడీల్లోనూ ఎక్కించాం. తను అనుకున్నవన్నీ తీయడం పూర్తయ్యేసరికి ఆయనకు మనుషుల ముఖాలు కూడా ఆనవాలు కట్టడం కష్టమైంది. అయినా ఆ ఫోటోలు ఉన్నాయన్న ధైర్యం ఉండేది. తెర మీద ఒక బోర్డు తెరిచి, అక్షరం తెర నిండేలా పెద్దది చేస్తే, ముఖం ఆనించి ఏదో ఒక గీతను పోల్చుకునేవాడు.

ఒక ఎండాకాలం హార్డ్ డిస్కు టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. బాగుచేసే అతను దాన్ని విప్పి చూపించాడు, అద్దంలాంటి పళ్లెం మీద గుండ్రంగా గీత పడి ఉంది. “ఇగ రాదక్కా. హైదరాబాద్ దీస్కపోయినా రాదు.” సీడీలు ఉన్నాయి కదా అని ఇంటికి వచ్చి తీస్తే, ఆ వేడికి వాటి మీది వెండి పొర ఉల్లిపొట్టులా లేచి చేతికి అంటింది. ఒక్కటీ తెరుచుకోలేదు. మళ్లీ తీసుకుందామని కెమెరా పట్టుకుని నేనొక్కదాన్నే బస్సెక్కాను. పిట్లంలో రోడ్డు వెడల్పు చేసి ఆ వరసంతా కొట్టేశారు. గోదాము గోడకు సున్నం వేశారు. జుక్కల్‌లో బోర్డు ఉండాల్సిన చోట నవ్వుతున్న ముఖాల ఫ్లెక్సీ ఉంది. సాయంత్రం ఇంటికి వస్తే, నా అడుగుల చప్పుడులోనే ఆయన తెలుసుకున్నట్టున్నాడు.

పెద్ద కొడప్‌గల్‌లో ఉన్న మా ఆడబిడ్డకు ఆ ఫోటోల్లో కొన్నింటిని అప్పుడెప్పుడో ఫోన్లో పంపామని తర్వాత గుర్తొచ్చింది. అడిగితే ఆమె ఎంతో సంబరంగా, “గవన్నీ దాస్కున్న వదినా, మా అన్న చేతిరాత గదా” అంటూ తిరిగి పంపింది. ఫోను వాటిని పంపేటప్పుడే పిండి పిప్పి చేసి ఇంతింత చేసింది. ఆ చిన్న తెర మీద ముద్దుగానే కనబడ్డాయి. ఆయనను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వరికంకి గోడను తెరిచి పెద్దది చేశాను. పెద్దది చేసిన కొద్దీ కంకి గడులు గడులుగా విడిపోయింది, నేలకు పరిచిన బండల్లాగా. మూల మీది సంతకం నాలుగు బూడిద గడులు. ఆయన ముఖం తెరకు ఆనించాడు, ముక్కు అద్దానికి తగిలింది.

“అంచులెట్లున్నయే?” అని అడిగాడు.

అబద్ధం చెప్పినా పట్టుకోగల స్థితిలో ఆయన లేడు. కాని జీవితమంతా అంచుల కోసం బతికిన మనిషి. “పలిగినయ్” అన్నాను.

ముఖం వెనక్కి తీసుకుని, “ఇగ బంద్ చెయ్యి” అన్నాడు. బంద్ చేశాను. మళ్లీ ఆయన షాపులో అడుగు పెట్టలేదు, కొన్నాళ్లకు నేనూ దాన్ని మూసేశాను.

తర్వాత ఆయన ఇంకా కొన్నేళ్లు బతికాడు. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెడితే కూర్చునేవాడు. మొదట్లో ఒక్కో బోర్డు గురించి నేను చెప్తుంటే, ఆ నీడ గోధుమ రంగు కాదు, ముదురు ఎరుపు అని దిద్దేవాడు. పోగా పోగా దిద్దడం మానేశాడు. నేను కావాలని తప్పు చెప్పినా ఊఁ అనేవాడు. ఒకరోజు పొద్దున లేచి, “నాకు కలలో గూడ రంగు వస్తలేదే” అన్నాడు, జ్వరం వచ్చిందని చెప్పినంత మామూలుగా. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చలికాలమే పోయాడు.

ఇప్పుడు బాన్సువాడ బజారు పొద్దుగుంకితే పండగలా వెలుగుతుంది. దుకాణాల నెత్తి మీద అక్షరాలు క్షణానికో రంగు మారుతూ పరుగెత్తుతాయి. ఎవరు రాశారని ఎవరూ అడగరు, ఎవరూ రాయలేదు కూడా. పిల్లల ఫోన్లలో చూసి ముగించలేనన్ని ఫోటోలు. వాటిని చూసి అసూయపడే వయసు నాది కాదు. నన్ను తినేసే బాధ వేరే ఉంది. కంప్యూటర్లు పోయినా, గోడలు పోయినా, నా కళ్లు చూశాయి కదా, నాలో ఉన్నాయి కదా అని చాలాకాలం ధైర్యం చెప్పుకున్నాను. కాని ఆ పలిగిన ఫోటోలను ఆయన పోయాక ఒంటరితనం కొద్దీ ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో, ఈ మధ్య కళ్లు మూసుకుని ఆ వరికంకిని తలుచుకోబోతే, పాలు పోసుకునే ఆ పచ్చ రావడం లేదు. గడులే వస్తున్నాయి.