పై ఇంటి పుచ్చకాయ ముక్కలు

ఎండలు ముదిరితే చిలకలగూడలో ఎటు చూసినా పుచ్చకాయల గుట్టలే. ఈ ఏడు వాటిని చూస్తేనే నీరసం వస్తోంది.

మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ నడుస్తోంది. ఆయనకేమో పుచ్చకాయంటే ప్రాణం. డాక్టరమ్మ ముందే చెప్పింది: "ఎండాకాలం పుచ్చకాయ ఎవరికైనా మంచిదే. ఒంట్లో నీరు తగ్గనివ్వదు. మీకు మాత్రం వద్దు. ఆ నీరు బయటికి పోదు, పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు." తర్వాత నావైపు తిరిగి, "మీకు షుగరు కదా, రెండు ముక్కలతో ఆపండి. కోసి ఆరుబయట పెట్టినవి అసలు ముట్టుకోవద్దు" అంది.

పై ఇంటామె రంజాన్ నెలంతా ఇఫ్తార్‌కి ముందు మాకో పళ్లెం పుచ్చకాయ ముక్కలు తెచ్చిస్తుంది. "అక్కా, ఇప్పుడే కోసిన. అన్నకు సుత పెట్టు, సల్లగుంటది" అంటుంది. ఆమెకు సంగతి చెప్పొచ్చు. చెబితే మొదటినుంచీ చెప్పాలి, ఆపైన ఆమె జాలిని కూడా నేనే మోయాలి. రోజంతా బడిలో పాఠాలు చెప్పి వచ్చాక అంత ఓపిక నాకెక్కడిది? పారేయడానికీ చేతులు రావు. వంటింట్లో నిలబడి అన్నీ గబగబా తినేసి, తొక్కలు చెత్తబుట్ట అడుగున దాచి, చేతులు సబ్బుతో కడుక్కునేదాన్ని. ఖాళీ పళ్లెం తిరిగివ్వకూడదు కాబట్టి అందులో ఓ బిస్కెట్ ప్యాకెట్టు పెట్టేదాన్ని.

మొన్న సాయంత్రం పళ్లెం అందుకుని వంటింట్లోకి వెళ్తుంటే ఆయన మంచం మీంచి పిలిచాడు.

"రోజూ ఆ పళ్లెం ఏమవుతోందో నాకు తెలీదనుకున్నావా?"

సిగ్గేసింది. వెంటనే కోపమూ వచ్చింది. "పారేయమంటారా?" అన్నాను విసురుగా.

"ఇక్కడ కూర్చుని తిను. కనీసం చూస్తా."

కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాను. కాయ మంచి తీపి.

"ఎలా ఉంది?"

"చప్పగా ఉంది."

"అబద్ధం. గింజలు కూడా మింగేస్తున్నావు."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తల దించుకుని రెండో ముక్క తిన్నాను. అది కాగానే ఆయన చెయ్యి చాచి పళ్లెం తనవైపు లాక్కున్నాడు. తినేస్తాడేమోనని కుర్చీలోంచి లేవబోయాను. కాసేపు ఆ ముక్కలవైపే చూశాడు.

"నీకు రెండే అంది డాక్టరమ్మ" అని, పక్కనున్న పేపరు తీసి పళ్లెం మీద కప్పాడు.